ఏడాకుల కొమ్మ

మే 4, ఆదివారం

అబద్ధం లేకుండా ఒక్క పేజీ నింపగలవా, ధర్మా? మైకు లేకపోయినా అవతలి కొండకు వినిపించేలా గంటన్నర గర్జిస్తావు. ఎవరూ వినని చోట, ఈ రూళ్ల పుస్తకంలో, ఉన్నది ఉన్నట్టు రాయగలవా? చూద్దాం.

గులాబీలన్నీ తెల్లగా పూశాయి.

అన్నీ. నవంబరులో అరకు సంతలో వరహాలరావు దగ్గర ఏరి ఏరి తీసుకున్న ఐదు అంటు మొక్కలు. కిందనుంచి ఘాటెక్కి వ్యాన్‌లో మొక్కలు తెచ్చి అమ్ముతాడతను. వాసన కోసం ముదురెరుపు తీసుకున్నాను. నా భార్య కృపకు నచ్చిందని లేత గులాబీరంగు. దూరానికి కనబడుతుందని పసుపు. పొద్దుగూకే రంగుది ఒకటి. రేకు లోపల తెలుపు, బయట ఎరుపు ఉన్నది ఇంకొకటి. దానికోసం వరహాలరావుతో అరగంట వాదించాను. నాటినప్పుడు ఐదు రంగులు.

ఫిబ్రవరిలో కత్తెర పట్టాను. నాకు తోటపని నేర్పినవాళ్లు లేరు. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు పరిశుద్ధ గ్రంథమే చదువు నేర్పింది, గ్రంథమే కత్తిరింపు నేర్పింది. కాయని కొమ్మను తీసెయ్యాలి, కాసే కొమ్మను బాగుచెయ్యాలి. చలికి మోడై, ఒక్క మొగ్గా లేకుండా నిలబడ్డ పాత కొమ్మల్ని మొదలంటా కోసేశాను. మొదట్లోంచి పచ్చగా, నిటారుగా లేస్తున్న చిగుళ్లకు దారి ఇచ్చాను. అవిప్పుడు నా తల దాటాయి. గుత్తులు గుత్తులుగా పూలు, ఒక్కోదానికి ఐదే రేకులు, మంచు రాలినట్టు తెలుపు.

అదే ఫిబ్రవరిలో, కోసిన ఎండు కొమ్మ ఒకటి చేత పట్టుకుని, రాజకుమారి సంగతి సంఘం ముందు తేల్చాను. కన్నకూతురైనా సరే అన్నాను. అక్టోబరులో తనంతట తానే గెడ్డ వాగు దాటి, అవతలి ఊరి మంగ్లు ఇంటికి వెళ్లిపోయింది. పెళ్లికి మా ప్రార్థన లేదు, పెద్దల మాట లేదు. జనవరిలో వాళ్ల చిక్కుడు కొత్త పండగకి, అమ్మవారికి కొత్త చిక్కుళ్లు పెట్టాక అందరితో వరసలో కూర్చుని తిన్నది. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా నా గడప తొక్కకూడదన్నాను. కొమ్మను రెండుగా విరిచి కింద పడేశాను. మందిరం రేకులు అదిరేలా ఆమెన్ అన్నారు.

ఈరోజు ఒక తెల్ల గుత్తి తీసుకెళ్లి పైకెత్తాను. ఎరుపును మంచులా తెల్లగా చేస్తానన్న దేవుడు మా దడిలో చేసి చూపించాడన్నాను. ఇంకా పెద్ద ఆమెన్.

కృప అనలేదు. గొంతు బాగోలేదేమో.

మే 9, శుక్రవారం

సంతలో వేపపిండి కొంటుంటే నర్సు రత్నాలు నా ముందుకొచ్చి నిలబడింది.

"ధర్మన్నా, మీ రాజీని మొన్న సూసొచ్చాను. ఏడో నెల నడస్తంది. రక్తం ఏడే ఉంది."

"బిళ్లలివ్వమ్మా" అన్నాను.

"ఇచ్చాను. బిళ్లలు దిగుతాయి, గెడ్డ దిగదు కదా. వానలడితే ఆ ఊరికి బండెళ్లదు. మీ ఇల్లు రోడ్డు మీదుంది, 108 మీ దడికాడికే వచ్చీస్తాది. తొలికానుపు పుట్టింట్లోనే కదన్నా. జూలై ముందర తెచ్చీసుకోండి."

"చూద్దాం."

"సూసీదేటి? పక్కింటి గుంటా అది, నీ కూతురు కాదా?"

వేపపిండి మొక్కకు రెండు గుప్పిళ్ల చొప్పున వేసి, మట్టి కప్పి, నీళ్లు పోశాను. నాకేమీ ఆందోళన లేదు.

మే 10

ఏడంటే ఎంత తక్కువో అడగలేదు.

మే 18, ఆదివారం

పదకొండైనా ఉండాలట. కూడిక అయ్యాక సంఘపెద్ద కొండబాబు కోడలిని అడిగాను. ఆ పిల్ల ఆశా కార్యకర్త. ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. "రాజక్క గురించేనా పెదనాన్నా?" అంది. కాదన్నాను. మందిరం గుమ్మంలో నిలబడి కాదన్నాను.

మే 27

తెల్లపూలు రాలిపోయాయి. కొత్త మొగ్గ ఒక్కటీ లేదు. కొమ్మలు మాత్రం రోజుకో బెత్తెడు పెరుగుతున్నాయి. ముళ్లు వంకరగా, చేతికి పట్టుకుంటే వదలవు. పొంగు చూస్తే సంతోషం కలగాలి. కలుగుతోంది.

జూన్ 1, ఆదివారం

వానలకు ఏ రకాలు నాటాలో ఆలోచిస్తున్నాను. దీనికైతే మనసు నిలుస్తుంది.

మా దగ్గర ఎండ కంటే పొగమంచు ఎక్కువ. రేకులు మరీ దట్టంగా ఉన్న రకాలు మొగ్గలోనే తడిసి, విచ్చుకోకుండా గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోతాయి. కాబట్టి పాతిక రేకులకు మించనివి చూడాలి. పసుపు వాటికి ఆకు మీద నల్లమచ్చ తొందరగా వస్తుంది. రెండు మొక్కల మధ్య మూడడుగులు వదిలితే గాలాడి మచ్చ తగ్గుతుందని సంతలో ఎవరో అంటుంటే విన్నాను. బావి పక్కనున్న నాటు గులాబీకి ఏ జబ్బూ లేదు. అది అంటు కాదు, రాజకుమారి ఎనిమిదో తరగతిలో హాస్టల్ నుంచి తెచ్చి గుచ్చిన పుల్ల. చిన్న పువ్వు, రోజంతా వాసన.

ఈ విషయం రాయాలని కూర్చోలేదు.

జూన్ 13, శుక్రవారం

మంగ్లు వచ్చాడు. దడి బయటే నిలబడ్డాడు. లోపలికి రావద్దని ఫిబ్రవరిలో నేనే అన్నాను కాబట్టి రమ్మనలేకపోయాను. భుజం మీద పనసకాయ. దాన్ని దడి మీంచి అందించబోతే అందుకోలేదు. చేతికి మట్టి ఉందన్నాను. మట్టి నిజమే.

"మామా, గెడ్డలో నీళ్లు ఇంకా మోకాల్లోతే ఉన్నాయి. ఇప్పుడైతే నడిపించుకునొచ్చీగలను."

"రమ్మను. ఆదివారం మందిరంలో రెండు మాటలు చెప్పి, తిన్నగా ఇంటికి రావచ్చు."

"అదే సెప్పాను. 'తప్పు సేస్తే కదా ఒప్పుకోడానికి' అంటంది. 'ఆకలేసి సిక్కుళ్లు తిన్నాను, అయ్య వండితే అయ్య దేవుడి పేరెట్టుకుని తింటాను, సిక్కుడు అదే కదా' అంటంది." నవ్వు ఆపుకుంటున్నాడు. "మీ నోరే వచ్చింది మామా దానికి. మా ఊర్లో ఎవ్వులూ మాటాడి గెలవలేకపోతన్నాం."

నాకూ నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి కత్తెర వెతుక్కున్నాను.

"కాళ్లు వాచిపోనాయి మామా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తిరిగి చూసేసరికి పనసకాయ దడి లోపల ఉంది, అతను లేడు. కృప దాన్ని ఎత్తుకుని లోపలికి పోతూ నా వైపు చూడనైనా చూడలేదు.

జూన్ 14

ఆమె వస్తే చాలు, నేను కఠినుణ్ణి కాను. రెండే రెండు మాటలు. అదీ పెద్ద గొంతుతో చెప్పనక్కర్లేదు.

జూన్ 20, శుక్రవారం

వరహాలరావు సంత నుంచి తిరిగిపోతూ కొత్త మొక్కలు దింపడానికి దడి దగ్గర వ్యాన్ ఆపాడు. తోటలోకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యేటండీ పాస్టరుగారూ?"

"నేను పాస్టరును కాను, బోధకుణ్ణి. ఇవి నువ్విచ్చినవే. తెల్లగా పూశాయి. దేవుడు మార్చాడు."

"దేవుడు కాదండి, తమరే మార్చీసారు!" పకపకా నవ్వాడు. "అంటు కోసీసి అడివిని మేపుతన్నారేటండీ!"

కూర్చుని వేళ్లతో మట్టి తీశాడు. పిడికిలంత ముడి బయటపడింది. దాని మీద నేను కోసిన మోడు నల్లగా ఎండిపోయి ఉంది.

"ఇదిగో, అంటు కట్టిన ముడి. దీనికి పైనున్నదే నేనమ్మిన గులాబీ. కిందది అడివి గులాబీ, వేరు గట్టిదని దాని మీద కడతాం. ముడి కిందనుంచి సిగురొస్తే ఎప్పటికప్పుడు పీకీయాల. తమరు పైదాన్ని మొదలంటా నరికీసి కిందదాన్ని గారాబంగా పెంచీసారు. ఒక్కో రెమ్మకి ఆకులు లెక్కెట్టండి. మనదానికి ఐదుంటాయి, దీనికి ఏడు."

"కాయని కొమ్మనే కోశాను," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "ఫిబ్రవరిలో దానికి ఒక్క మొగ్గ లేదు."

"ఈ కొండమీద అంత సలిలో ఏ గులాబీ పూత్తాదండీ? అది పడుకుంది. సచ్చిపోనేదు." చేతులు దులుపుకున్నాడు. "మీ గ్రంథంలో ద్రాచ్చకి సెప్పుంటారు బాబూ. అంటు గులాబీకి కాదు."

కృప గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వరహాలరావుకు టీ ఇచ్చింది. నాకూ ఇచ్చింది.  తిట్టినా బాగుండేది.

జూన్ 21

ఏడు. ఏడు. ఏడు. ప్రతి రెమ్మకీ ఏడు.

ఐదు మొక్కల దగ్గరా మట్టి తీశాను. ఐదు ముడులు, వాటి మీద ఐదు మోడులు. నా కత్తెర గుర్తు అన్నిటి మీదా ఒకేలా ఉంది, ఏటవాలుగా, నున్నగా. చాలా శ్రద్ధగా కోశాను.

వాక్యం తప్పు కాదు. చదివినవాడి చెయ్యి తప్పు. నిద్రపోతున్నదాన్ని పట్టుకుని చచ్చిందన్నాను. కింద నుంచి ఏపుగా లేచిన దానికి, అది ఏపుగా లేచిందన్న ఒక్క కారణంతో, నీళ్లు పోశాను. దానికి ఎరువెవరు వేశారు? ఆమెన్‌లు ఎవరు చెప్పించారు?

ఇది మొక్కల సంగతి. మొక్కల సంగతి మాత్రమే రాస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

చెప్పలేదు.

జూన్ 29, ఆదివారం

చెప్పలేదు. కనికరం గురించి బోధించాను. ఇద్దరు ఏడ్చారు.

కూడిక అయ్యాక కొండబాబు చెయ్యి పట్టుకున్నాడు. సంఘంలో నా తర్వాత పెద్ద అతనే. "ధర్మన్నా, ఆ తెల్ల గులాబీ కొమ్మలు నాలుగియ్యి. మందిరం గుమ్మానికి రెండు పక్కలా నాటీద్దాం. నీ సాక్ష్యం పిల్లలకి కూడా గురుతుండాల." ఇచ్చాను. నా చేత్తోనే కోసి, తడి గోనెలో చుట్టి ఇచ్చాను. ఏడాకులని నాకు తెలుసు. ఇచ్చాను.

జూలై 4, శుక్రవారం

అడవి చిగుళ్లన్నీ పీకాను. కొయ్యకూడదట, ముడి కింద పుట్టిన చోటనుంచి లాగి పీకాలట. చేతులు నెత్తురోడాయి. నాలుగు మొక్కలు పోయినట్టే. ఐదోదానికి, ముదురెరుపుదానికి, ముడి పైన గోరంత చిగురు కన్ను ఉంది. బతుకుతుందో లేదో తెలియదు. వరహాలరావు దింపిన కొత్త వాటిని పక్క వరసలో, ముడి మట్టికి పైన కనబడేలా నాటాను.

కృప మట్టి అందిస్తూ అడిగింది. "రాజీ అయ్యా, ఇప్పుడేటి సేత్తావు?"

"కొత్తవి నాటుతున్నా కదా."

"మొక్కల గురించి అడగనేదు."

"సంఘం ముందు అన్న మాట. సంఘం ముందే తీసుకోవాలి. ఊరికే పిలిచేస్తే, బోధకుడి కూతురికో న్యాయం, మనకో న్యాయం అంటారు."

"తీసుకో మరి. నోరు లేదా నీకు?"

ఉంది. అంత పెద్ద నోరు ఉంది.

జూలై 6, ఆదివారం

లేచి నిలబడ్డాను. "ఫిబ్రవరిలో ఒక కొమ్మ విరిచాను" అని మొదలుపెట్టాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ విన్నాక ముందుకు పోలేకపోయాను.

జూలై 11, శుక్రవారం

రత్నాలు ఇంటికే వచ్చింది. వర్షంలో, స్కూటీ మీద. రక్తం ఎనిమిదికి ఎక్కింది. నెలాఖరుకి కానుపట. పదిహేనో తారీఖు లోపల ఇటు తెచ్చేయాలట. "మీ మావగారు పిలవందే రాను" అందట మంగ్లుతో రాజీ. ఆస్పత్రి దగ్గరి గర్భిణుల వసతికి పొమ్మంటే, తల్లి ఉండగా దిక్కులేని దానిలా అక్కడికెందుకు పోవాలందట.

"ఆ గుంటకి పంతం, మీకు పంతం. మద్దిన నాకు జొరం," అంది రత్నాలు.

వచ్చే ఆదివారం తప్పకుండా.

జూలై 13, ఆదివారం

వర్షానికి పదకొండు మందే వచ్చారు. ఇంత కొద్దిమంది ముందు చెబితే చెప్పినట్టు కాదని ఊరుకున్నాను.

(ఇది అబద్ధం. మొదటి రోజున పందెం కాశావు కదా ధర్మా, కాబట్టి రాస్తున్నాను. పదకొండు మంది ముందు చెప్పడానికీ భయమే వేసింది.)

జూలై 16, బుధవారం

మూడు రోజులుగా ముసురు. కొత్త మొక్కల ఆకుల మీద మచ్చలు చూసి మచ్చ మందు కలిపాను. వాన ఆగకపోతే కొట్టి లాభం లేదు, కలిపింది పారబోశాను. గెడ్డ చప్పుడు ఇంటిదాకా వినిపిస్తోంది.

కృప పాత చీరలు ఉతికి, పొయ్యి మీద తీగ కట్టి ఆరబెడుతోంది. ఎందుకో అడగనక్కర్లేదు.

"ఆదివారం చెబుతాను," అన్నాను. "చెప్పి, సంఘాన్ని వెంటబెట్టుకుని పాటలు పాడుకుంటూ వెళ్లి మర్యాదగా తెస్తాను. దానికీ గౌరవం."

ఆమె చీర దులిపింది. నీళ్లు నా మొహాన పడ్డాయి.

"నీ గౌరవానికి ఆదివారం కావాల. దానికి బుధారమైనా సాలు."

"నాలుగు రోజులే కృపా. కానుపు నెలాఖరుకి అన్నారు."

"కడుపులోదానికి నీ కేలండరు సదివి ఇనిపించావా?"

ఇరవై మూడేళ్లు కాపురం చేశాం, నా బోధకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పలేదని ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

జూలై 17

గెడ్డ దాకా వెళ్లాను. తొడల్లోతు. ఒడ్డున నిలబడి ప్రార్థించి తిరిగొచ్చాను. దాటాలంటే దాటవచ్చు. ఒంటరిగా వెళ్లి ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. వేదిక ఉంటేనే నాకు మాట వస్తుందా?

జూలై 18, శుక్రవారం

ఆదివారానికి మాటలు రాసుకున్నాను. నాలుగు పేజీలు. చాలా బాగా వచ్చాయి. మళ్లీ చదివాను. అందులో నేను చాలా గొప్పవాడిలా ఉన్నాను. చింపేశాను.

జూలై 19, శనివారం, పొద్దున ఏడు దాటింది

కృప లేదు. ఆరిన చీరలు లేవు. గొడుగు లేదు.

బావి దగ్గర ఉందనుకున్నాను. దొడ్లో లేదు. కొండబాబు కోడలు తడిసి పరిగెత్తుకొచ్చింది. తెల్లారుతూనే కృప ఒక్కతే గెడ్డ దాటిందట. అవతలి కొండ మీద ఫోను అందే చోటినుంచి మంగ్లు ఈ పిల్లకు చేశాడట. రాజీకి తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. నెలాఖరుకి కాదు, ఇవాళే. మంగ్లు, అతని అన్న డోలీ కట్టుకుని దిగుతున్నారు. కృప పక్కనే నడుస్తోంది. 108కి చెప్పారు, అది రోడ్డు దాకా మాత్రమే వస్తుంది. నీళ్లు ఇప్పుడు నడుం దాటుతున్నాయి. డోలీ మోసేవాళ్లిద్దరే అయితే మధ్యలో నిలవలేరు. ఇటునుంచి తాడు వెయ్యాలి, ఆరుగురన్నా నీళ్లలో నిలబడాలి.

ఆ పిల్లను కొండబాబును లేపమని పంపాను. గుమ్మంలో కూర్చున్నాను. చెయ్యి ఈ పుస్తకం మీదికి పోయింది. సంఘం వాళ్లకేం చెప్పాలి? వాళ్లు నా మాట విని, నా కూతురి మొహం చూడ్డం మానేసినవాళ్లు. ఎవరి కోసమని అడిగితే ఏమనాలి?

ఇదే అను. "ఫిబ్రవరిలో నేను తప్పు కోశాను. బతికున్న కొమ్మను చచ్చిందని మీకు చూపించాను. తెల్లపూలు అద్భుతం కాదు, నా తెలివితక్కువ. నా బిడ్డ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోవలసినవాణ్ణి నేను." అంతే. ఇంతకు మించి ఒక్క మాట కలిపితే అది బోధ అవుతుంది. కలపకు. నడుస్తూ చెప్పు.

ఇంకా రాస్తావేం? ప్రార్థన నీళ్లలో నిలబడి చేసుకో. కొట్టంలో ఎద్దుల తాళ్లు రెండూ తీసుకో. కేకలెయ్యి: కొండబాబూ, నీ కొడుకును లేపు! వినబడిన వాళ్లంతా రండి! రేపటి కూడిక లేదు, కూడిక ఇవాళే, మందిరంలో కాదు, గెడ్డలో! ఒప్పుకునేది దారిలో ఒప్పుకుంటాను, ముందు మీరు చెయ్యి వెయ్యండి! లే ధర్మా, పరిగెత్తు, నీళ్లు ఇంకా తల దాటలేదు, ఇప్పుడే!